నీలం తక్కువైన చుక్క

నన్ను కొట్లాట మనిషి అంటరు. కాదని మళ్లా కొట్లాడే ఓపిక లేదు, ఒప్పుకుంట. ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు జీపు కోసం కొట్లాడిన, ఆడవాళ్లకు వేరే బాత్రూమ్ కావాలని కొట్లాడిన, ముగ్గురే ఉన్న చోట టీ ఎవరు పెట్టాలె అన్నదాని మీద కూడ కొట్లాడిన. నిరుడు స్వచ్ఛందంగ రిటైరైతే ఆఫీసు వాళ్లు శాలువా కప్పి ఊపిరి పీల్చుకున్నరు. ఫిజిక్సు చదివి, ఏదో ఒక అబ్జర్వేటరీలో కాంట్రాక్టు పోస్టన్న దొరకకపోతదా అని తిరుగుతున్న పిల్లలు నన్ను అడుగుతుంటరు, మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని సంగతి చెప్పండ్రి అని. వాళ్ల కోసం ఇది రాస్తున్న. ఇందులో నీతి వెతకకుండ్రి. నాకే దొరకలేదు.

రెండువేలు దాటిన కొత్తలో ఒక యూనివర్సిటీ వాళ్లు బూర్గంపాడు అవతల, అడవి మొదలయ్యే కాడ ఒక గుట్ట మీద చిన్న టెలిస్కోపు పెట్టిండ్రు. ఒక డోము, రెండు రూములు, ఒక జనరేటరు షెడ్డు. వెనక అడవి, ముందట దూరంగ గోదావరి. మాది కారేపల్లి. కాలేజీలో పాఠాలు చెప్పుకునేదాన్ని, పేపర్ల ప్రకటన చూసి అప్లై చేసిన. ఇంటర్వ్యూలో "అడవిలో ఉండగలవా అమ్మా?" అని అడిగితే, "మగవాళ్లను కూడ ఇదే అడుగుతున్నరా?" అన్న. ఎందుకో తీసుకున్నరు.

మా పని ఏందో ముందు చెప్త, లేకుంటే తర్వాత ముచ్చట ఎక్కదు. ధనుస్సు రాశిలో ఒక నక్షత్ర గుచ్ఛం ఉన్నది. లెక్కకందనన్ని చుక్కలు ఒక్క కాడ ముద్ద కట్టినట్టు ఉంటయి. అందులో మనకు కనపడేవి కొన్నే. సరిగ వెలగని బుడ్డ చుక్కలు, చచ్చి చల్లారినవి, ఏ చుక్కకూ అంటకుండ తిరిగే గ్రహాలు కూడ ఉండొచ్చు. వాటికి వెలుగు లేదు, ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా దొరకవు. మరి ఎట్ల పట్టుకోవాలె? ఆ గుచ్ఛం వెనక, ఇంకా చాలా దూరంల, మన పాలపుంత నడిమి భాగం చుక్కలున్నయి. గుచ్ఛంలోని చీకటి వస్తువు ఏదన్న నడుచుకుంట వచ్చి వెనకున్న చుక్కకు సరిగ్గ అడ్డం పడ్డదనుకోండ్రి. చుక్క మాయమైతదనుకుంటరు గద? కాదు. ఆ వస్తువు బరువుకు వెలుగు వంగి, సోడా బుడ్డి అద్దం పెట్టినట్టు ఒక్క కాడికి చేరి, వెనకున్న చుక్క ఇంకా ఎక్కువ వెలుగుతది. కొన్ని రోజులు ఎక్కి, కొన్ని రోజులు దిగి, మళ్లా మామూలైతది. దీన్నే మైక్రోలెన్సింగ్ అంటరు. ఆ వస్తువు కనపడదు, దాని బరువే కనపడతది. గుచ్ఛం ఎంత దూరమో, ఎంత జోరుగ పోతున్నదో ముందే తెలుసు గాబట్టి, చుక్క ఎంత ఎత్తుకు వెలిగింది, ఎన్ని రోజులు వెలిగింది పట్టి, అడ్డం వచ్చినదాని బరువు చెప్పొచ్చు. బరువు ఎంత ఎక్కువైతే వెలుగుడు అన్ని ఎక్కువ రోజులు. అయితే గ్రహణం లెక్క పంచాంగం చూసుకొని కూసునే పని కాదిది. ఆ చుక్కకు ఆ వస్తువు అడ్డం పడేది ఒక్కసారే. చూసినోళ్లు చూసినట్టు, లేనోళ్లు లేనట్టు.

దొంగ చుక్కలు కూడ ఉంటయి. తమంతట తామే ఉబ్బి తగ్గే చుక్కలు ఆ గుచ్ఛంలో బోలెడు. వాటిని ఏరెయ్యడానికి ఒక పరీక్ష ఉన్నది. బరువుకు రంగులతోటి పని లేదు. ఎరుపు వెలుగును ఎంత పెంచితే నీలం వెలుగును కూడ అంతే పెంచుతది. ఒక రంగు ఎక్కువ పెరిగి ఇంకో రంగు తక్కువ పెరిగిందంటే అది దొంగ చుక్క. అందుకే మేము ఎర్ర అద్దం పెట్టి ఒకసారి, నీలం అద్దం పెట్టి ఒకసారి ఫోటో తీసేది.

మా ఇన్‌చార్జి సార్ది బూర్గంపాడే. క్రిస్టియన్ కుటుంబం. నాయన మిషన్ దవాఖానలో కంపౌండరు, అమ్మ ఎండకాలం అడవిల గూడెపోళ్లతోటి బీడీల తునికాకు కోతకు పోయేదట. సార్ చిన్న పోస్టులో చేరి, దేశంల ఎక్కడెక్కడో పెద్ద టెలిస్కోపుల కాడ ముప్పాతిక జిందగీ గడిపి, చివరికి సొంతూరి పక్కకు వచ్చిండు. ఆయన చూసిన చుక్కల మీద వేరేవాళ్లు పేపర్లు రాసుకున్నరు. దాని గురించి ఎన్నడూ ఏడ్వలేదు గాని, ఒకసారి జీపులో పోతుంటే అన్నడు, "ఒక్కటమ్మా. మనం పట్టింది ఒక్కటి లోకమంత ఒప్పుకుంటే చాలు. చూసి ఇంటికి పోత." ఆదివారం పొద్దున చర్చికి పోవాలె గాబట్టి శనివారం డ్యూటీ ఎప్పుడూ నాకే వేసేది. మా ఇంట్లో కూడ దేవుడున్నడని దాని మీద నెల రోజులు కొట్లాడిన.

మూడో ఆయన మధిర దిక్కు మనిషి. కంప్యూటరంత ఆయన చేతుల ఉండేది. నాకంటె చిన్నోడు, నన్ను అక్కయ్యా అనేవాడు. ఎవరితోటీ గొడవ పెట్టుకోడు. నేనూ సార్ గట్టిగ మాట్లాడుకుంటుంటే కుర్చీ వెనక్కి జరుపుకొని, "మీరిద్దరూ ఒక మాట అనుకోండి, నేను టైపు చేసేస్తాను" అనేవాడు.

మైక్రోలెన్సింగుల కబురే ముఖ్యం. చుక్క ఎక్కుడు మొదలుపెట్టిందని తెల్వంగనే లోకంల ఉన్న మిగతా టెలిస్కోపులకు కబురు పంపాలె. మనకు తెల్లారితే వాళ్లకు చీకటి, మనకు మబ్బు పడితే వాళ్లకు తేట. అందరు కలిసి చూస్తెనే ఎక్కి దిగేదాక ఒక్క ముక్క పోకుంట దొరుకుతది. మా గుట్ట మీద నెట్టు లేదు. బ్రిడ్జి దాటి భద్రాచలంల నెట్ సెంటరుకు పోయి మెయిలు కొట్టాలె, సంతకం కింద సార్ పేరుండాలె.

నేను చెప్పబోయే ఎండకాలానికి ముందటేడు ఒకటి పంపినం. నేనే తొందర పెట్టిన. అది దొంగ చుక్కని, వాళ్ల దగ్గర ఎప్పటినుంచో లిస్టుల ఉన్నదని, రెండో రోజే జవాబొచ్చింది. మర్యాదగనే రాసిండ్రు. మర్యాదగ రాసినందుకే ఎక్కువ కాలింది. సార్ ఆ పూట అన్నం ముట్టలే. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టిండు. కబురు పోవాలంటే ముగ్గురం పగటి పూట టేబుల్ చుట్టూ కూసోవాలె, ఎవరికి ఏ అనుమానమున్నా బయటికి చెప్పాలె, ముగ్గురి మాట ఒకటి కావాలె. రంగు పరీక్ష పాసు కాకుంటే అసలు కూసునేదే లేదు. పద్ధతి మంచిదే. ఇప్పుడు నన్ను పెట్టమన్నా గదే పెడుత.

ఇగ పొగ సంగతి. మా గుచ్ఛం ఎండకాలంలనే బాగ కనపడతది, జూన్ల వాన పడ్డదంటే ఆ ఏటికి దుకాణం బంద్. గూడెపోళ్లకు పోడు కాల్చుకునేది కూడ ఆ ఎండకాలంలనే. కొట్టేసిన చెట్టూ చేమా ఎండినంక నిప్పు పెడతరు, ఆ బూడిదల వాన పడంగనే విత్తనాలేస్తరు. పగలు గుట్ట మీద నిలబడి చూస్తే అడవిల ఆడొకటి ఈడొకటి పొగ లేస్తుండేది. పొద్దు గూకేసరికి అంత కిందికి దిగి పరుచుకునేది. మా ఫోటోలు మసక. నాకు మండింది. రేంజరుకు అర్జీ పెడుదమని రాసుకొని సార్ ముందట పెట్టిన.

"ఎవరి చేను పొగనో కూడ రాస్తవా?" అన్నడు.

"రాస్త సార్. దిక్కు చూసి రాస్త."

"రాస్తే రేంజరొచ్చి వాళ్ల గొడ్డళ్లు గుంజుకపోతడు, కేసులు పెడతడు. మన ఫోటో తేటగైతది. గంతేనా?"

"మన పని గదే గద సార్."

"వాళ్ల పని కూడ గదేనమ్మా. డోము కంటె ముందటిది."

సంతకం పెట్టలే. ఆ ముచ్చట గూడెం దాక ఎట్ల పోయిందో పోయింది. ఒకనాడు బాట మీద తునికాకు మోపుతోటి ఎదురైన ఒకామె నన్ను ఆపింది.

"ఏంది మేడమ్, మా పొగ మీద చాడీలు చెప్తున్నవంట?"

"చాడీలు గాదు, నిజమే చెప్పిన. మా చుక్కలకు దగ్గొస్తున్నది."

"దగ్గొస్తే రాలి పడతయి గద, ఏరుకో!" అని నవ్వుకుంట పోయింది. నేను ఏదో అందామనుకునేలోపలనే మలుపు తిరిగింది. ఇయ్యాల్టికీ ఆమెకు జవాబు బాకీ ఉన్న.

ఆ ఎండకాలం మొత్తం ఇదే నడిచింది. నేను పొగ అనుడు, సార్ మొహం తిప్పుకునుడు. అదే ఆయనకు ఆఖరి ఎండకాలం, వానలు పడంగనే రిటైర్మెంటు.

మే నెల నడుమల ఒక పొద్దున నేను జీపు దిగంగనే మధిర తమ్ముడు వాకిట్లకు ఎదురొచ్చిండు. ఎన్నడూ కుర్చీ దిగని మనిషి.

"అక్కయ్యా, ఒకటి లేచిందండీ."

"పోయినేడు కూడ లేచింది."

"ఇది వేరండీ. వచ్చి చూడండి."

చూసిన. ఎర్ర అద్దం ఫోటోలల్ల ఒక చుక్క రాత్రి రాత్రికి కొద్దికొద్దిగ, ఎక్కడా తొణకకుండ, ఎవరో గీత గీసినట్టు ఎక్కుతున్నది. నా సర్వీసుల అంత చక్కటి గీత మళ్లా చూడలే. నీలం కూడ ఎక్కుతున్నది. కాని తక్కువ.

పరీక్ష పాసు కాలే గాబట్టి పద్ధతి ప్రకారం కూసునుడే లేదు. నేను ఊకుంటనా? ఆ మధ్యాహ్నం అన్నాల కాడ గ్రాఫు తెచ్చి సార్ క్యారేజీ పక్కన పెట్టిన. కరెంటు లేదు, రేకుల కప్పు సలసల కాగుతున్నది, ముగ్గురం చెమటలు తుడుచుకుంట కూసున్నం.

సార్ రెండు గీతల మీద వేలు పోనిచ్చి చూసిండు. "నీలం తక్కువున్నది," అన్నడు.

"పొగ సార్. పొగ ముందుగల నీలాన్నే తింటది. పొద్దు గూకేటప్పుడు సూర్యుడు ఎందుకు ఎర్రబడతడు?"

"పొగ ఆ ఒక్క చుక్కనే పట్టుకున్నదా? పక్క చుక్కలతోటి పోల్చే గద మనం లెక్క తీసేది. పొగకు తగ్గితే అన్నిటికి తగ్గాలె. పోల్చినంక కొట్టేసుకపోవాలె."

నిజమే. జవాబు లేనప్పుడు నా గొంతు దానంతట అదే లేస్తది.

"ఈసారి పొగ ఎప్పటి లెక్క లేదు సార్. గూడెం మీద మాట పడనియ్యరు గాబట్టి మీ కంటికి ఆనుతలేదు."

సార్ చెయ్యి అన్నంల ఆగిపోయింది. "ఇది గూడెం సంగతి కాదమ్మా."

"గూడెం సంగతే సార్!"

"అక్కయ్యా, ముందు ఆ మజ్జిగన్నం తినేయండి, ఎండకి పులిసిపోతుంది," అన్నడు మధిర తమ్ముడు.

"నువ్వు చెప్పు. నీ మాటేంది?" అన్న, ఆయన దిక్కు తిరిగి.

కుర్చీ వెనక్కి జరిపిండు. పొద్దున వాకిట్ల ఎదురొచ్చిన మనిషి కాదిప్పుడు. "గీత చూస్తే నాకూ ఆశగానే ఉందండీ. కానీ సార్ చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే కదా."

సార్ చెయ్యి కడుక్కొని వచ్చి కూసున్నడు. "నాకు లేదా ఆశ?" అన్నడు మెల్లగ. "మూడు రోజుల నుంచి నేను కూడ ఆ గీతనే చూస్తున్న. మీకు చెప్పలే. ఆశ ఉన్నది గాబట్టే భయం. ఎరుపును చూసి నీలాన్ని మర్చిపోతనేమోనని." గ్రాఫును నా దిక్కు జరిపిండు. "వద్దమ్మా. పంపొద్దు."

పోయినేటి సంగతి ఎత్తలే. ఎత్తితే బాగుండు, దాని మీదనన్న కొట్లాడేదాన్ని.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తది, కోపం కూడ వస్తది. ముగ్గురం చదువుకున్నోళ్లమే. గుచ్ఛం అంటేనే చుక్క మీద చుక్క పడి ఉండేది, అది మొదటి పాఠం. కాని ఆ ఎండకాలం మా ముక్కుల పొగ, మా బట్టలల్ల పొగ, మా కొట్లాటల పొగ. నీలం తగ్గిందంటే ఇంకో కారణం ఉంటదన్న సోయి ఒక్కరికి లేకపాయె. నేను పొగ అన్న, ఆయన పొగ కాదన్నడు. పొగ కాదని తేలంగనే ముచ్చట అయిపోయిందనుకున్నం. పొగ లేని ఊర్ల ఎవడన్న పరాయోడు ఆ గ్రాఫు చూస్తే ఇంకో ప్రశ్న అడిగేటోడేమో. మా మధ్యల ఆ ప్రశ్నకు జాగ లేదు.

తెల్లారి నుంచి గాలిదుమారం, మబ్బులు. డోము తెరవలేదు. రోజూ ఆకాశం దిక్కు చూసుడు, తిట్టుకునుడు. మబ్బులు పోయేసరికి చుక్క దిగుతున్నది. ఎక్కినట్టే, అంతే నున్నగ, అదే వంపుతోటి దిగుతున్నది. దొంగ చుక్కలు అంత బుద్ధిగ దిగవు. సార్ వచ్చి కంప్యూటరు వెనక నిలబడ్డడు.

"నీలం?" అన్నడు.

"తక్కువేనండీ," అన్నడు మధిర తమ్ముడు.

సార్ తలూపి బయటికి పోయిండు. తర్వాత వానలు. దండ, గ్రూపు ఫోటో, స్వీటు డబ్బా. సార్ ఇంటికి పోయిండు. ఇంకో రెండేండ్లకు ఆ గుట్ట మీద పని కూడ బంద్ చేసిండ్రు, నన్ను సిటీకి వేసిండ్రు.

సిటీలో పని తక్కువ, మీటింగులెక్కువ. అంతలోపల ఒక పెద్ద టెలిస్కోపుతోటి తీసిన అదే గుచ్ఛం ఫోటోలు అందరు చూసుకునేటట్టు నెట్టుల పెట్టిండ్రు. మా దాంట్ల మసక మచ్చలున్న కాడ వాళ్ల దాంట్ల ఒక్కొక్క చుక్క విడివిడిగ గింజ లెక్క కనపడతది. ఒక మధ్యాహ్నం మీటింగు ఎగ్గొట్టి మా చుక్క జాగకు పోయి చూసిన.

అక్కడున్నది ఒకటి కాదు. రెండున్నయి. ఒకటి ఎర్రది, దానికి ఆనుకొని ఒక నీలిది.

ఎర్ర చుక్క వెలిగింది. నీలి చుక్క ఉన్నట్టే ఉన్నది. మా చిన్న టెలిస్కోపు రెండిటిని కలిపి ఒకటే అనుకున్నది, మేము దాన్ని నమ్మినం. అందుకే నీలంల పెరుగుడు పలుచబడ్డది, పాలల్ల నీళ్లు కలిసినట్టు. కూసొని నీలి చుక్క వెలుగు తీసేసి లెక్క మళ్లా కట్టిన. ఎరుపు, నీలం రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి కూసున్నయి. అది నిజమైన మైక్రోలెన్సింగే.

మీకు అబద్ధం చెప్పను. ముందుగాల వచ్చింది సంతోషం కాదు, బాధ కాదు. గెలిచిన అనిపించింది. ప్రింటు తీసుకొని, లీవు పెట్టి, బూర్గంపాడు బస్సెక్కిన.

మిరపకాయల కాలం. సార్ ఇంటి ముందట కల్లమంత ఎర్రగ పరిచి ఉన్నది. సార్, ఆయన భార్య అమ్మగారు నెత్తికి తువ్వాలలు కట్టుకొని తాలుకాయలు ఏరుతున్నరు. నేను గేటు తీయంగనే ఘాటుకు దగ్గుడు మొదలుపెట్టిన.

"చూసినవా, దగ్గుకుంటనే వచ్చింది," అన్నడు సార్ నవ్వుకుంట. "ఈ పొగ మాత్రం మాదేనమ్మా, ఎవరి మీద అర్జీ పెడతవో పెట్టు."

అమ్మగారు నీళ్లిచ్చింది. కూసోకముందే ప్రింటు తీసి చేతికిచ్చి, రెండు చుక్కల సంగతి గడగడ చెప్పేసిన. దారి పొడుగుత తయారు చేసుకున్న మాటలు, ఒక్కటి పోనియ్యలే. సార్ చేతులు తువ్వాలకు తుడుచుకొని, కండ్లద్దాలు పెట్టుకొని చదివిండు.

"ఐతే పొగ కాదన్నది నిజమే," అన్నడు.

"నిజమే సార్."

"అది నిజం చుక్కని నువ్వన్నది కూడ నిజమే."

"అవ్ సార్."

"ఇద్దరం తప్పు చెప్పలేదైతే, ఎట్ల పాడైందమ్మా?"

గెలుపంత అక్కడ దిగిపోయింది. ఆయన ఎత్తిపొడుస్తలేడు. నిజంగ అడుగుతున్నడు. గీత ఎక్కుడుకు, దిగుడుకు నడుమ ఖాళీ ఉన్న కాడ సార్ వేలు పెట్టిండు.

"ఈడ?"

"ఈడ మబ్బులు సార్. గాలిదుమారం వచ్చింది గద."

"మన కాడ మబ్బు. మిగతా దేశాలల్ల?"

"తేటగనే ఉండెనట సార్. అడిగి తెలుసుకున్న." అడగకుండ ఉంటే బాగుండు.

సార్ కండ్లద్దాలు తీసిండు. "ఇంతకు ఏందది? ఏం పోయింది దాని ముందటికెల్లి? బుడ్డ చుక్కనా, చచ్చిన చుక్కనా, గ్రహమా?"

"ఎంత ఎత్తుకు వెలిగిందో తెలిస్తే బరువు తేలుతుండె సార్. ఆ నడిమి ముక్కల ఉంటది అది."

"ఇగ ఎన్నడు తెల్వదా?"

"తెల్వదు సార్."

అమ్మగారు ఏరుడు ఆపి మా ఇద్దరి దిక్కు చూసింది. మొగుడు పోయినట్టు మొహాలు పెట్టిండ్రేందని అడిగి, తనన్న మాటకు తానే నాలుక కరుచుకున్నది. సార్‌కు నవ్వాగలే. నాకూ ఆగలే. అన్నం పెట్టింది, తిన్నం. తిన్నంక సార్ మళ్లా ప్రింటు తీసుకున్నడు.

"నాకు మాత్రం చచ్చిన చుక్కే అనిపిస్తదమ్మా."

"ఎందుకు? గ్రహం కావొద్దా?"

"ఇన్ని రోజులు వెలిగినంక గ్రహమెట్లైతది?"

"నడుమ ముక్క లేకుంట ఎన్ని రోజులు వెలిగిందని ఎట్ల చెప్తరు సార్? గది లెక్కనా?"

అట్ల మొదలైంది. బస్సు వేళ దాక కొట్లాడినం. ఆయన చచ్చిన చుక్క అన్నడు, నేను ఒంటరి గ్రహం అన్న. కాగితం వెనక ఇద్దరం లెక్కలు కట్టినం, కొట్టేసినం. గుట్ట మీద అన్నేండ్లలో అంత మంచిగ మేము ఎన్నడూ మాట్లాడుకోలే. ఎవరి దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ రాత్రుల్లో ఏ దేశపు టెలిస్కోపన్న ఒక్కసారి అటు తిరిగి ఉంటే, ఐదు నిమిషాల్లో తేలిపోయే ముచ్చట.

బస్సు కాడి దాక వచ్చిండు. ఎక్కి కూసున్న. బస్సు కదిలినంక కూడ కిటికీ పక్కన రెండడుగులు నడిచి, "గ్రహం మాత్రం కాదమ్మా," అన్నడు.

కాదు సార్, గ్రహమే అని అరవబోయి ఆగిన. ఏం చూపిచ్చి అనాలె?